రైలు వెనక్కి నడిచి కొండెక్కిన కథ

నాంపల్లి స్టేషన్ రైళ్ళకి బంద్ గల్లీ అని ఎప్పుడైనా గమనించారా? సికింద్రాబాదులో బండి ఒకవైపు నుంచి వస్తుంది, ఇంకోవైపు నుంచి వెళ్ళిపోతుంది. కాజీపేటలోనూ అంతే. నాంపల్లిలో అది కుదరదు. లకడీకాపూల్ వైపు నుంచి లోపలికి వచ్చిన పట్టా ప్లాట్‌ఫాం కొసకు చేరి ఆగిపోతుంది. అక్కడ అడ్డంగా ఒక ఇనుప దిమ్మ, దాని వెనక గోడ, గోడ అవతల ఆటోల గోల. 2024 జనవరిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఆగాల్సిన చోట ఆగకుండా ఆ కొస దాకా పోయి గుద్దుకుంది, పెట్టెలు పట్టాలు తప్పాయి, కొందరికి దెబ్బలు తగిలాయి. అప్పుడు గాని పట్నంలో చాలామందికి ఆ స్టేషన్‌కి ఒకే వాకిలి ఉందన్న సంగతి తట్టలేదు.

ఇలాంటి స్టేషన్‌లో ఒక చిక్కుంది. వచ్చిన బండికి ఇంజన్ ముందుంటుంది కదా, అది కాస్తా గోడకీ పెట్టెలకీ నడుమ చిక్కుకుపోతుంది. మళ్ళీ బయలుదేరాలంటే అవతలి కొసకి ఇంకో ఇంజన్ తెచ్చి తగిలించాలి. వచ్చేటప్పుడు తోకగా ఉన్న గార్డు పెట్టె పోయేటప్పుడు ఇంజన్ పక్కకి చేరుతుంది. ఎంఎంటీఎస్ బండికి ఈ తిప్పలు లేవు. దానికి రెండు కొసల్లోనూ డ్రైవరు గదులుంటాయి. డ్రైవరు దిగి, సంచీ భుజాన వేసుకుని, ప్లాట్‌ఫాం పొడుగునా నడిచి అటు కొసన ఎక్కి కూర్చుంటే చాలు.

ఇదంతా చెబుతుంటే మా మనవరాలు అడ్డం వచ్చింది. "తాతా, స్టేషన్‌లో అయితే సరే. దారి నడుమ ఇట్లా గోడ వస్తే ఎట్లా?"

రావడం కాదు బిడ్డా, ఒకాయన కావాలనే పెట్టాడు. అదీ కొండ నడుమ, పెద్ద గోడ పక్కన. మన నాంపల్లి స్టేషన్ భవనం లేచిన 1907లో ఆయన చైనాలో బీజింగ్ ఉత్తరాన ఆ పనిలోనే మునిగి ఉన్నాడు. పేరు ఝాన్ తియెన్‌యౌ. చైనాలో బడికి పోయిన ప్రతి పిల్లకీ ఆ పేరు తెలుసు. మనకి తెలియదు, అదే నాకు బాధ. లండన్ ఇంజనీర్ల పేర్లు వంతెనల మీద చదువుకున్నాం గాని, మనలాగే పరాయి పెట్టుబడి కింద నలిగిన దేశంలో సొంత ఇంజనీరు ఏం చేశాడో మనకెవరూ చెప్పలేదు.

ఆయన కథకి ముందు కాస్త లెక్క.

నౌబత్ పహాడ్ ఎక్కే ఏటవాలు రోడ్డు మీద సరుకు నిండిన తోపుడు బండిని తోసుకుపోయేవాణ్ణి చూడండి. నిటారుగా తోయడు. కాస్త ఎడమకి, కాస్త కుడికి వంకర్లు తిరుగుతూ తోస్తాడు. దూరం పెరుగుతుంది, బలం తక్కువ పడుతుంది. రైలుకి ఈ అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే రైలు చక్రమూ ఉక్కే, పట్టా కూడా ఉక్కే. ఒకదాని మీద ఒకటి తేలిగ్గా దొర్లుతాయి. చదునైన నేల మీద అది వరం. ఇంజన్‌తో కలిపి 200 టన్నులున్న బండిని చదునులో మెల్లగా లాగడానికి ఒక టన్ను బలం కూడా అక్కర్లేదు. కొండ దగ్గరికి వచ్చేసరికి ఆ నునుపే శాపమవుతుంది. ముప్పై అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి లేచే వాలు అనుకోండి. అప్పుడు బండి బరువులో ముప్పయ్యో వంతు దాన్ని వెనక్కి గుంజుతుంది. 200 టన్నులకి దాదాపు ఏడు టన్నులు. చదునులో పడ్డ శ్రమకి ఏడెనిమిది రెట్లు.

ఇంజన్‌లో ఆవిరి బలం ఎంతున్నా, ఆ బలాన్ని పట్టా మీద మోపేది చక్రాల పట్టు మాత్రమే. పొడి పట్టా మీద ఆ పట్టు, నడిపే చక్రాల మీద పడే బరువులో నాలుగో వంతు దాకా ఉంటుంది. 40 టన్నుల బరువు మోసే చక్రాలైతే పది టన్నుల పట్టు. బాగానే ఉంది. కానీ తుంపర పడితే? మంచు కురిస్తే? పట్టు సగానికి పడిపోతుంది. పది టన్నులు కాస్తా ఐదవుతుంది, కొండ అడిగేది ఏడు. చక్రాలు ఉన్న చోటే గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. ఇంజన్లకి ఇసుక డబ్బాలు కట్టి చక్రాల ముందు ఇసుక రాల్చేది ఇందుకే. ఇప్పటి ఇంజన్లకీ ఆ డబ్బాలున్నాయి, ఈసారి చూడండి.

కాబట్టి రైలు ఇంజనీరు కొండని చూసి మొదట అడిగేది ఎత్తు ఎంత అని కాదు, ఎంత దూరంలో ఆ ఎత్తు ఎక్కాలి అని. ముప్పైకి ఒకటి వాలు దాటకూడదంటే, పది మీటర్లు లేవడానికి మూడు వందల మీటర్ల పట్టా కావాలి. లోయ అంత పొడుగు లేకపోతే? ఆ పొడుగుని ఎక్కడో ఒకచోట సంపాదించాలి.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. ఝాన్ 1861లో దక్షిణ చైనాలో, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని నాన్‌హైలో పుట్టాడు. 1872లో చైనా ప్రభుత్వం ముప్పై మంది పిల్లల్ని ఓడెక్కించి అమెరికా చదువుకి పంపింది. అందులో ఈయన ఒకడు, పదకొండేళ్ళవాడు. నాలుగు జట్లుగా మొత్తం 120 మంది పోయారు. కనెక్టికట్ రాష్ట్రంలో నార్త్‌రప్ అనే వాళ్ళ ఇంట్లో ఉండి బడికి పోయాడు, తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1881లో పట్టా పుచ్చుకున్నాడు. అదే ఏడు, పిల్లలు మరీ అమెరికావాళ్ళయిపోతున్నారని పెద్దలు బెంగపడి అందర్నీ వెనక్కి పిలిచేశారు. అప్పటికి డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు ఇద్దరే.

రైలు మార్గాలు వేయడం నేర్చి వచ్చిన కుర్రాణ్ణి ఏం చేశారనుకున్నారు? నౌకాదళం బడిలో చేర్చి ఓడ నడపడం నేర్పారు! తర్వాత పాఠాలు చెప్పుకోమన్నారు. ఏడేళ్ళు అలా పోయాయి. ఉద్యోగాల సంగతిలో ప్రభుత్వాల తెలివి అన్ని దేశాల్లోనూ ఒకే తీరు. 1888లో గాని ఆయన చెయ్యి పట్టా మీద పడలేదు. ఉత్తర చైనా రైల్వేలో కిండర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కింద చేరాడు.

పేరు తెచ్చిన మొదటి పని లువాన్ నది వంతెన, 1890ల మొదట్లో. నది అడుగున లోతైన ఇసుక, పైన జోరైన నీళ్ళు. స్తంభాలు నిలవడం లేదు, విదేశీ ఇంజనీర్లు పట్టు దొరక్క విసిగిపోయారని చైనావాళ్ళు చెప్పుకుంటారు. ఝాన్ స్తంభాల చోటు మార్చి, గాలి పెట్టెల పద్ధతి పట్టాడు. ఇది వినండి, భలే ఉంటుంది. అడుగు లేని పెద్ద పెట్టెని బోర్లించి నదిలో దింపుతారు. పైనుంచి పంపులతో లోపలికి గాలి కూరుతారు. లోపలి గాలి ఒత్తిడి బయటి నీటి ఒత్తిడికి సమానమైతే నీళ్ళు లోపలికి రాలేవు. నది అడుగున ఒక పొడి గది తయారవుతుంది. కూలీలు అందులో దిగి ఇసుక తవ్వి పైకి పంపుతుంటే, పెట్టె తన బరువుతో తనే కిందికి దిగుతుంది. గట్టి రాయి తగిలాక ఆ గదిని కాంక్రీటుతో నింపేస్తారు. అదే స్తంభానికి పునాది.

పది మీటర్ల నీటి లోతుకి మామూలు గాలి ఒత్తిడి ఒక రెట్టు పెరుగుతుంది. ఇరవై మీటర్ల లోతున మనిషి మూడింతల ఒత్తిడిలో పనిచేస్తాడు. ఆ ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ ఎక్కువగా రక్తంలో కరుగుతుంది. మనిషి గబుక్కున పైకి వచ్చేస్తే అది బుడగలు కట్టి కీళ్ళని మెలిపెడుతుంది, ప్రాణం కూడా తీస్తుంది. మెల్లగా, ఆగి ఆగి పైకి రావాలి. మన దగ్గర గోదావరి మీద 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెనకి వేరే దారి పట్టారు. ఇటుక, రాతి కట్టడపు బావుల్ని ఇసుకలోకి దింపుతూ పోయి, వాటినే పునాదులు చేశారు. బావి తవ్వే విద్య మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి అది ఇక్కడ బాగా అతికింది.

తర్వాత ఒక చిన్న ముచ్చట. రాజమాత త్సిషీకి పూర్వుల సమాధులు చూడబోవడానికి రైలు కావాలన్న కోరిక పుట్టింది. 1902 చివర్లో ఆ పని ఝాన్‌కి అప్పజెప్పారు. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి, పైగా చలికాలం. నాలుగు నెలల్లో వేసేశాడు. దానితో జనానికి ఒరిగిందేమీ లేదు గాని, చైనా ఇంజనీరు ఒంటిచేత్తో మార్గం వేయగలడని దర్బారుకి నమ్మకం కుదిరింది.

అసలు కథ 1905లో మొదలవుతుంది. బీజింగ్ నుంచి వాయవ్యంగా ఝాంగ్‌జియాకౌ దాకా రెండు వందల కిలోమీటర్ల దారి. మంగోలియా వ్యాపారమంతా ఆ బాటనే. బ్రిటన్ మేం వేస్తామంది. చైనా పెద్ద గోడకి ఉత్తరాన ఇంకొకరు అడుగుపెడితే ఊరుకోం అంది రష్యా. రెండు పిల్లుల తగవు. చివరికి, ఏ విదేశం డబ్బూ వద్దు, ఏ విదేశీ ఇంజనీరూ వద్దు, చైనావాళ్ళే వేసుకోనీ అని తేలింది. ఉత్తర రైల్వే సంపాదించిన లాభాన్నే పెట్టుబడి చేశారు. ఆ కొండల్లో రైలు వేయగల చైనా ఇంజనీరు ఇంకా పుట్టలేదని విదేశీయులు ఎగతాళి చేశారట. ఝాన్ మీద బరువు ఎలాంటిదంటే, తాను ఓడిపోతే తనొక్కడి పరువే కాదు, చైనా ఇంజనీర్లందరి పరువూ పోతుందని అమెరికాలో తనని సాకిన నార్త్‌రప్ ఇంటివాళ్ళకి ఉత్తరం రాసుకున్నాడు.

గాడిద మీద కొలత పరికరాలు వేసుకుని కొండలన్నీ తిరిగాడు. దూరం ఎక్కువైనా వాలు తక్కువున్న దారులు ఉన్నాయి, వాటికి డబ్బు చాలదు. ఉన్న డబ్బుకి సరిపోయేది నాన్‌కౌ కనుమ ఒక్కటే. అది నిట్రంగా లేస్తుంది. బాదలింగ్ దగ్గర పెద్ద గోడ కిందుగా కొండని తొలిచి అవతలికి పోవాలి. సొరంగాన్ని ఎంత కింద మొదలుపెడితే అంత పొడుగవుతుంది. ముందు వేసిన అంచనా ప్రకారం 1,800 మీటర్ల పైన తవ్వాలి. యంత్రాలు లేవు. సుత్తి, ఉలి, మందుగుండు, అంతే.

అంటే బండిని ఇంకాస్త పైకి లేపి, అక్కడ సొరంగం తొలవాలి. పైకి లేపాలంటే పట్టా పొడుగు కావాలి. వలయంలా తిప్పుదామంటే ఇరుకు లోయ. రైలు రోడ్డు బండిలా చటుక్కున తిరగదు. రెండు వందల మీటర్ల వ్యాసార్థంతో వెనక్కి తిరగాలన్నా నాలుగు వందల మీటర్ల వెడల్పు జాగా కావాలి. కొండల నడుమ అంత మైదానం ఎక్కడిది? అప్పుడు ఝాన్ మలుపే మానేశాడు. చింగ్‌లాంగ్‌ఛియావో అనే చోట పట్టాని కొండవాలుకి నేరుగా తీసుకుపోయి ఆపేశాడు. బంద్ గల్లీ! బండి అక్కడికి వచ్చి ఆగుతుంది. కీలు పట్టా మార్చగానే వెనక్కి కదిలి, ఇంకో పాయ మీద ఎక్కడం మొదలుపెడుతుంది. బండికి ముందొక ఇంజన్ లాగేది, వెనకొక ఇంజన్ నెట్టేది. ఆగినచోట ఎవరి జాగాలో వాళ్ళుండగానే పాత్రలు మారిపోతాయి. నెట్టేది లాగుతుంది, లాగేది నెడుతుంది. నాంపల్లిలోలా ఇంజన్ విప్పి కట్టే పని కూడా లేదు.

దీంతో బాదలింగ్ సొరంగం 1,091 మీటర్లకి తగ్గింది. వాలు మాత్రం ముప్పైకి ఒకటి. అందుకు రెండు జతల యంత్రాలున్న మ్యాలెట్ ఇంజన్లు తెప్పించాడు. చక్రాలు ఎక్కువ, కాబట్టి పట్టు ఎక్కువ. అంత పొడుగు ఇంజన్ వంకర్లలో ఇరుక్కోకుండా నడుమన కీలు ఉంటుంది.

ఈ వెనకడుగు ఝాన్ కనిపెట్టింది కాదు, ఆ గొప్ప ఆయనకి అంటగట్టనక్కర్లేదు. మన దేశంలోనే బొంబాయి, పుణె నడుమ భోర్ ఘాట్‌లో 1863 నుంచి ఇలాంటి స్టేషన్ ఉండేది. వాలు ముప్పై ఏడుకి ఒకటి. 1874లో వాడి, సికింద్రాబాదుల నడుమ నిజాం రైలు తెరుచుకున్నాక ఇక్కడినుంచి బొంబాయి పోయినవాళ్ళంతా ఆ ఘాట్‌లో బండి వెనక్కి నడవడం చూసినవాళ్ళే. 1929లో దారి సరిచేసి దాన్ని తీసేశారు. డార్జిలింగ్ చిన్న రైలు నేటికీ అలాగే ముందుకీ వెనక్కీ నడుస్తూ కొండెక్కుతుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో రైల్వే ఇంజనీరింగ్‌ది ఏదైనా దొరికితే తిరగేయండి, రివర్సింగ్ స్టేషన్ బొమ్మ తప్పక ఉంటుంది. ఝాన్ తెలివి కనిపెట్టడంలో లేదు. తన దగ్గరున్న డబ్బుకీ, కూలీలకీ, జాగాకీ ఏది సరిపోతుందో లెక్క కట్టి, సిగ్గుపడకుండా పాత ఉపాయాన్నే వాడుకోవడంలో ఉంది.

సొరంగం తవ్వడంలోనూ అంతే. రెండు కొసల నుంచి తవ్వుకుంటూ వస్తే పని జరిగే చోట్లు రెండే. కొండ పైనుంచి నడిమికి నిలువు బావి తవ్వి దిగితే, అక్కడినుంచి అటూ ఇటూ ఇంకో రెండు చోట్ల పని జరుగుతుంది. మనుషులు ఎక్కువ పడతారు, కాలం తగ్గుతుంది. అయితే లోపలున్న జట్లు ఒకరినొకరు చూడలేరు కదా, కొండ గుండెలో సరిగ్గా కలుసుకోవాలి. బావిలోకి రెండు గుండుదారాలు వేలాడదీసి, ఆ రెండింటినీ కలిపే గీతని బట్టి లోపల దిక్కు పట్టుకోవడం ఇలాంటి చోట్ల సర్వేయర్లు వాడే పద్ధతి. పైన కొద్దిపాటి తేడా వచ్చినా, కింద తవ్వేకొద్దీ అది పెరిగిపోతుంది. జూయోంగ్‌గ్వాన్ దగ్గర ఇంకో సొరంగం, 367 మీటర్లు. దాన్ని రెండు కొసల నుంచే తొలిచారు.

వాలు మీద ఇంకో గండం ఉంది. లంకె తెగితే వెనక పెట్టెలు కిందికి దొర్లిపోతాయి. అందుకని ఝాన్ అమెరికాలో జేనీ అనే ఆయన 1873లో పేటెంటు తీసుకున్న లంకెని వాడాడు. రెండు పెట్టెలు తాకగానే వాటి ఉక్కు పంజాలు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. మనిషి నడుమ దూరి కొక్కెం తగిలించనక్కర్లేదు. చైనాలో చాలాకాలం ఆ లంకె ఝాన్ కనిపెట్టిందేనని చెప్పుకున్నారు. ఆయన మాత్రం తన సాంకేతిక నిఘంటువులో దానికి జేనీ పేరే పెట్టాడు. మన పాత నీలం పెట్టెలకి మర తిప్పి బిగించే లంకెలుండేవి. ఇప్పటి ఎర్రటి ఎల్‌హెచ్‌బీ పెట్టెలకి ఈ పంజా జాతి లంకెలే.

ఆరేళ్ళు పడుతుందన్న దారి నాలుగేళ్ళలో, 1909లో తెరుచుకుంది. అనుకున్నదాని కంటే తక్కువ ఖర్చులో. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడే నాకు నాంపల్లి స్టేషన్ రోడ్డు గుర్తొస్తుంది.

అబిడ్స్ నుంచి స్టేషన్ వైపు నడుస్తుంటే గోల్డెన్ త్రెషోల్డ్ అనే పాత బంగళా ఉంది. సరోజినీ నాయుడి ఇల్లని అందరికీ తెలుసు. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది కూడా ఆ బంగళాలోనే. ఆమె తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఎడింబరోలో రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసి, 1878లో హైదరాబాదు వచ్చి కాలేజీ పెట్టినవాడు. నిజాం కాలేజీకి మూలం అదే. ఈ సైన్సు పంతుల్ని 1883లో రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. సరోజినికి అప్పుడు నాలుగేళ్ళు. నేరం ఏమిటంటే రైలు!

అప్పట్లో ఇక్కడి రైలుని చాందా వైపు, అంటే ఇప్పటి చంద్రపూర్ వైపు, ఇంకా బెజవాడ వైపు పొడిగించే పథకం ఒకటి లండన్ వ్యాపారులతో కుదిరింది. ఆ ఏడు ఫిబ్రవరిలోనే దివాను సాలార్‌జంగ్ పోయాడు. అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్ళు కూడి, ఒప్పందం కాగితాలు బయటపెట్టండి, మా రాజ్యం నెత్తిన ఎంత భారం పడుతుందో మమ్మల్ని చూడనివ్వండి అని అడిగారు. రైలు వద్దని కాదు, లెక్క చూపమని. హైదరాబాదులో జనం తరఫున జరిగిన తొలి ఆందోళనల్లో అదొకటి. అడిగినందుకు పంతులుగారు ఊరు విడవాల్సి వచ్చింది. కొన్నేళ్ళ తర్వాత గాని తిరిగి రానివ్వలేదు.

వాళ్ళ భయం ఉత్తది కాదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే పేరులోనే సంగతుంది. కంపెనీ పెట్టే పెట్టుబడికి ఏటా నూటికి ఐదు చొప్పున రాబడికి నిజాం ఖజానా పూచీ. బండ్లు నిండినా ఖాళీగా పోయినా లండన్ వాటాదారుకి ఆ ఐదు ముడుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి, అలాంటి ఏర్పాటులో ఇంజనీరుకి పొదుపు ఎందుకు? వంద రూపాయల్లో అయ్యే వంతెనకి నూట యాభై పెడితే, నూట యాభై మీదా వడ్డీ వస్తుంది. భారతదేశంలో గ్యారంటీ రైళ్ళ దుబారా మీద ఆ కాలంలోనే గగ్గోలు పుట్టింది. ఝాన్‌కి వెనకాల పూచీ పడే ఖజానా లేదు. ఉన్న డబ్బు అయిపోతే దారి ఆగిపోతుంది, రష్యావాడో బ్రిటన్‌వాడో తలుపు తడతాడు. కొండ వాలుతో పాటు ఆ భయం కూడా ఆయన చేత అన్ని వందల మీటర్ల సొరంగం మిగిల్పించింది.

చైనాలో ఈ తగవు చివరికి ఎంత దూరం పోయిందో చూడండి. సిచువాన్‌లో జనం చందాలు వేసుకుని పెట్టుకున్న రైలు కంపెనీని 1911లో ప్రభుత్వం లాక్కుని విదేశీ బ్యాంకుల అప్పుకి ముడిపెట్టబోయింది. ఊళ్ళకి ఊళ్ళు తిరగబడ్డాయి. ఆ అలజడిని అణచడానికి సైన్యాన్ని అటు పంపితే, అక్టోబరులో ఇటు వూచాంగ్‌లో తిరుగుబాటు లేచింది. కొన్ని నెలల్లో రాచరికమే కూలిపోయింది. ఝాన్ అప్పుడు దక్షిణాన కాంటన్, హాన్‌కౌ రైలు మార్గం పనుల్లో ఉన్నాడు. మనిషి రాజకీయాల జోలికి పోలేదు. ఇంజనీర్ల సంఘం పెట్టి, కుర్రాళ్ళకి పరీక్షలూ మెట్లూ ఏర్పరిచి, దేశమంతా ఒకే వెడల్పు పట్టా ఉండాలని పట్టుబట్టాడు. 1,435 మిల్లీమీటర్లు. మనకి ఆ పట్టుదల ఉన్నవాడు లేకపోయాడు. నిజాం రాజ్యంలోనే వాడి, బెజవాడ మార్గం 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్, మన్మాడ్ వైపు గోదావరి లోయ మార్గం మీటర్‌గేజ్. ఒక పట్టా మీద వచ్చిన బస్తాలని దింపి ఇంకో పట్టా మీది పెట్టెలకి ఎక్కించడం దశాబ్దాల పాటు సాగింది. గమ్మత్తేమిటంటే, 2018 నుంచి నాంపల్లి రోడ్డు నెత్తి మీదుగా పోతున్న మెట్రో పట్టా వెడల్పు 1,435. ఝాన్ కొలతే. కింద స్టేషన్‌లో 1,676.

హైదరాబాదులో రైలు మన చేతికి వచ్చింది 1930 ఏప్రిల్‌లో. నిజాం ప్రభుత్వం కంపెనీని కొనేసింది. దానికి ఏడాది ముందే ఉస్మానియాలో ఇంజనీరింగ్ కాలేజీ తెరిచారు, అదీ ఉర్దూలో చదువు చెప్పే కాలేజీ. అఘోరనాథ్ ఈ రెండూ చూడలేదు, 1915లో కలకత్తాలో పోయాడు. ఝాన్ కూడా పెద్ద వయసు దాకా బతకలేదు. 1919 మొదట్లో సైబీరియా రైళ్ళ మీద మిత్రదేశాలు పెట్టిన సాంకేతిక మండలి సమావేశాలకని గడ్డకట్టే చలిలో ఉత్తరానికి పోయి, జబ్బుపడి తిరిగొచ్చి, ఏప్రిల్ 24న హాన్‌కౌలో కన్నుమూశాడు. యాభై ఎనిమిదేళ్ళు నిండడానికి రెండు రోజుల ముందు. చింగ్‌లాంగ్‌ఛియావో స్టేషన్ దగ్గర ఆయన విగ్రహం ఉంది.

"ఇప్పటికీ ఆడ బండి వెనక్కి నడుస్తదా తాతా?" అంది మనవరాలు.

పాత దారిలో ఇప్పటికీ అంతే. కానీ 2019 డిసెంబరులో బీజింగ్, ఝాంగ్‌జియాకౌల నడుమ కొత్త వేగరైలు వచ్చింది. అది చింగ్‌లాంగ్‌ఛియావో కిందుగా పన్నెండు కిలోమీటర్ల సొరంగంలో దూసుకుపోతుంది. బాదలింగ్ స్టేషన్ భూమికి వంద మీటర్ల లోతున ఉంది. విచిత్రం చూడు బిడ్డా, ఆ దారిలోనూ అతి నిట్రమైన వాలు వెయ్యికి ముప్పై. ఝాన్ పెట్టింది వెయ్యికి ముప్పై మూడు. దాదాపు అదే కొండ. మరి ఆవిరి ఇంజన్లు రెండు కలిసి రొప్పుతూ ఎక్కినదాన్ని ఇది ఎలా ఎక్కుతోంది?

కరెంటు బలం ఒక్కటే కారణం కాదు. మొదట చెప్పిన పట్టు లెక్క గుర్తుందా? ఆ రోజుల్లో పట్టాని పట్టుకున్నవి ఇంజన్ చక్రాలు మాత్రమే. వెనక పెట్టెల బరువంతా దండగ బరువు, లాగాల్సినదే తప్ప సాయపడేది కాదు. వేగరైలుకి విడిగా ఇంజన్ లేదు. మన మెట్రోకీ, ఎంఎంటీఎస్‌కీ ఉన్నట్టే పెట్టెల కిందే మోటార్లు. సగం ఇరుసులకి మోటార్లున్నాయనుకో. బండి బరువులో సగం పట్టుకి పనికొస్తుంది. పొడి పట్టా మీద అందులో నాలుగో వంతంటే, మొత్తం బరువులో ఎనిమిదో వంతు బలం. తడిసి సగానికి పడిపోయినా పదహారో వంతు. కొండ అడిగేది ముప్పై మూడో వంతే. వేగం పెరిగేకొద్దీ పట్టు ఇంకా తగ్గుతుంది, అయినా చేతిలో మిగులుంది. లోపల కూర్చున్న జనం బరువు, వాళ్ళ పెట్టెబేడా బరువు కూడా ఆ మోటారు చక్రాల మీదే పడుతుంది కాబట్టి, బండి నిండేకొద్దీ దానికి పట్టు పెరుగుతుంది.